1913 డేటన్ వరద ఫొటో పోస్ట్‌కార్డు అప్పటిదేనా? ఎలా తేల్చుకోవాలి?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న డేటన్ నగరం వరద కార్డు ఇది, బొమ్మ మీద ‘డేటన్ వరద, మార్చి 1913’ అని తెల్లటి చేతిరాత ఉంది, నమ్మొచ్చా అని అడిగారు. ఆ రాత ఒక్కదాన్నే నమ్మితే మోసపోతారు. కార్డు వెనక్కి తిప్పండి.

స్టాంపు అతికించే గడి చుట్టూ ‘అజో’ (AZO, ఒక ఫొటో కాగితం బ్రాండు) అని ఉంటే మూలల్లోని త్రిభుజాలు చూడండి. నాలుగూ పైకి ఉంటే సుమారు 1904–1918 నాటి కాగితం, సరిపోతుంది. రెండు పైకి, రెండు కిందికి ఉంటే 1918 తర్వాతది. అంటే పాత నెగటివ్ నుంచి తర్వాతెప్పుడో తీసిన ప్రింటో, కార్డునే మళ్ళీ ఫొటో తీసిన నకలో అయ్యుండాలి. నకలు ఇట్టే దొరికిపోతుంది: బొమ్మలో మడతలు, గీతలు కనిపిస్తాయి గానీ ఏటవాలు వెలుతురులో పైభాగం నున్నగా ఉంటుంది. నీడలు కూడా వివరం లేకుండా మసిముద్దలా ఉంటాయి.

ఇక పది రెట్ల భూతద్దంతో ఆకాశం, నీళ్లు ఉన్నచోట చూడండి. వరస చుక్కలు కనిపిస్తే అచ్చుకార్డు. అదీ 1913 నాటిదే కావచ్చు, కానీ ఫొటో ప్రింటు కాదు. చుక్కలు లేవని వెంటనే సంబరపడొద్దు. కొలోటైప్ (జెలటిన్ పూసిన పలకతో వేసే) అచ్చులో చుక్కలుండవు, పురుగులు పాకినట్టు మెలికల గరుకు ఉంటుంది. 1910 పారిస్ వరద కార్డుల్లో ఇలాంటివి చాలానే ఉన్నాయి.

చీకట్లో యూవీ టార్చి వేస్తే కాగితం నీలి తెలుపుగా మెరిసిందా? సాధారణంగా 1950ల తర్వాతిదే, కాగితంలో కలిపిన తెల్లబరిచే రసాయనం అది. మెరవకపోతే మాత్రం ఏమీ రుజువైనట్టు కాదు.

తెల్లటి అక్షరాలను నెగటివ్ మీద వెలుతురు ఆపే సిరాతో రాసేవారు, అందుకే ప్రింటులో తెల్లగా పడతాయి. అక్షరాలు పైన పొరలా తేలి కనిపిస్తే తర్వాత ఎవరో రాసినవి.

ఊరిని తేల్చడమే కష్టం. డేటన్ కరకట్టలు మార్చి 25న తెగాయి, కానీ అవే వానలకు హామిల్టన్, కొలంబస్, జేన్స్‌విల్ కూడా మునిగాయి. దుకాణాల బోర్డులను ఆ ఏళ్ల సిటీ డైరెక్టరీతో (ఊళ్లోని మనుషుల, దుకాణాల చిరునామాల పుస్తకంతో) పోల్చండి. చెట్లు నిండా ఆకులతో ఉంటే అనుమానించండి, ఒహాయోలో మార్చిలో కొమ్మలు మోడుగానే ఉంటాయి. తపాలా ముద్ర ఆ తేదీకి కార్డు ఉందని మాత్రమే చెబుతుంది.

ముదురు భాగాల్లో, అంచుల్లో వెండిలాంటి మెరుపు కనిపిస్తే తుడవకండి. వెండి పైకి తేలడం వల్ల వచ్చేదది, పాతదనానికి మంచి సూచన. పాలియెస్టర్ కవరులో పెట్టండి, పీవీసీ వద్దు.