అమెరికాలో యూదుల విరాళాలు సేవలుగా ఎలా మారతాయి?

చాలా నగరాల్లో ఈ విరాళాలు ముందు ‘ఫెడరేషన్’ అనే ఉమ్మడి నిధిలో చేరి, అక్కడి నుంచి వృద్ధుల సంరక్షణ, బడులు, కౌన్సెలింగ్, ఇంటికి భోజనం చేర్చడం లాంటి పనులకు వెళ్తాయి. ప్రతి సంస్థా విడివిడిగా చందాలకు బయల్దేరితే ఇచ్చేవాళ్లకు విసుగు, పైగా గట్టిగా అడిగినవాళ్లకే డబ్బు దక్కుతుంది. అందుకే 1895లో బోస్టన్‌లో ఈ ఉమ్మడి పద్ధతి మొదలైంది.

ఇచ్చిందంతా ఉచితంగా పంచేస్తారనీ కాదు. న్యూయార్క్‌లో 1892లో పుట్టిన హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ వడ్డీ లేని అప్పులిస్తుంది. హామీదారు సంతకం ఉండాలి, తీసుకున్న మొత్తం తిరిగి కట్టాలి. ఆ డబ్బే ఇంకొకరికి అప్పుగా వెళ్తుంది. ఒకే డాలరు ఎన్ని చేతులు మారుతుందో! యూదులు దానానికి వాడే ‘త్సెదకా’ అనే హీబ్రూ మాటకు మూలార్థం కూడా దానం కాదు, న్యాయం.

ఈ డబ్బు ప్రార్థనా మందిరాలకే పోతుందనుకోవడం పొరపాటు. సినగాగ్‌లు అనే ఆ మందిరాలు ఎక్కువగా సభ్యుల వార్షిక రుసుముతో నడుస్తాయి. వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు రోజు డబ్బు ముట్టకూడదన్నది సంప్రదాయ నియమం, కాబట్టి ఆ ప్రార్థనల్లో హుండీ తిప్పరు. సేవలూ యూదులకే పరిమితం కావు, చాలా చోట్ల ఎవరైనా వెళ్లొచ్చు.