రాత్రి హాలు తడిపే కుక్కపిల్లకు శిక్ష వద్దు

ప్రశ్న: మా లాబ్రడార్ ఆడపిల్లకు 10 వారాలు. పగలు బాల్కనీలోనే మూత్రం పోస్తోంది. రాత్రి మాత్రం రెండు మూడుసార్లు హాలు తడిపేస్తోంది. మావారు కోపంతో దాని ముక్కు నేలకేసి రాస్తున్నారు. రాత్రి 10 గంటలకు పెరుగన్నం పెట్టి పడుకోబెడతాం. ఏమైనా జబ్బంటారా?
- ఒక సోదరి, విజయవాడ

జవాబు: ముందు ఆ ముక్కు రాయడం ఆపించండమ్మా. ఎప్పుడో పోసినదానికి ఇప్పుడు తిడుతున్నారని దానికి అర్థం కాదు. మీవారంటే భయం పట్టుకుని సోఫా వెనక చాటుగా పోయడం నేర్చుకుంటుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది జబ్బులా లేదు. వయసు చాలదు, అంతే. ఎన్ని నెలల పిల్లయితే దానికి ఒకటి కలిపి, సుమారు అన్ని గంటలు ఆపుకోగలదని లెక్క వేస్తాం. మీ పిల్లకు మూడు గంటలు, గాఢనిద్రలో ఇంకాస్త. తెల్లవార్లూ ఆపుకోవడం చాలా పిల్లలకు నాలుగైదు నెలలకు గానీ రాదు.

మార్చాల్సింది పెరుగన్నం వేళ. అందులో సగానికి పైగా నీళ్లే. ఆఖరి తిండి 7 గంటలకల్లా పెట్టేయండి. పడుకునే గంట ముందు నీళ్ల గిన్నె తీయొచ్చు, కానీ ఎండాకాలంలో అదీ వద్దు. పగలు మాత్రం ఎప్పుడూ నీళ్లు తగ్గించకండి.

దాని పక్క హాల్లో కాకుండా మీ మంచం పక్కనే వేయండి. పడుకునే ముందు ఒకసారి బాల్కనీకి తీసుకెళ్లి, రాత్రి ఒంటిగంటన్నరకు అలారం పెట్టుకోండి. అప్పుడు ఎత్తుకునే వెళ్లండి, నడిపిస్తే గడప దాటకముందే పోసేస్తుంది. పెద్ద లైటు వద్దు, ఆటలు వద్దు. పోయగానే మెల్లగా మెచ్చుకుని మళ్లీ పడుకోబెట్టండి. వారం రోజులు పక్క తడవకపోతే అలారాన్ని ఒంటిగంట ముప్పావుకు మార్చండి. అలా పావుగంట చొప్పున పెంచుకుంటూ పోతే తెల్లవారుజాముకు చేరుతుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలోకి దించకండి, పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు భయం ఉంది.

తడిసిన చోట ఫినాయిల్ వేస్తే మనకు వాసన పోతుంది గానీ దాని ముక్కుకు పోదు, మళ్లీ అక్కడికే వస్తుంది. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి.

మూత్రం చుక్కలు చుక్కలుగా ముక్కుతూ పోసినా, ఎర్రగా వచ్చినా, అతిగా నీళ్లు తాగుతున్నా దగ్గర్లోని పశువైద్యుడికి చూపించి మూత్ర పరీక్ష చేయించండి. నిద్రలో దానికే తెలియకుండా కారిపోతూ, వెనక కాళ్ల మధ్య బొచ్చు ఎప్పుడూ తడిగా ఉంటే మాత్రం అసలు ఆలస్యం చేయకండి. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళం పుట్టుకతోనే తప్పు చోట కలిసి ఉండొచ్చు. ఆడ లాబ్రడార్లలో ఇది కనిపిస్తుంటుంది, దీనికి ఆపరేషన్ అవసరం కావచ్చు.