పర్లాకిమిడి ఇంటిపై రివర్స్ మార్ట్‌గేజ్: సమాధానం

మాస్టారూ, ఒడిశాలోని మీ పర్లాకిమిడి ఇంటిని బ్యాంకుకు తాకట్టు పెట్టి, అందులోనే ఉంటూ నెలనెలా సొమ్ము తీసుకునే రివర్స్ మార్ట్‌గేజ్ గురించి అడిగారు. బ్యాంకు ఇంట్లోంచి పంపేస్తుందన్న భయం వద్దు. పన్ను, బీమా, మరమ్మతులు చూసుకుంటూ అందులోనే నివసిస్తే, మీ దంపతులు ఉన్నంతకాలం బాకీ కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం లోలోపల పెరుగుతుంది. తర్వాత పిల్లలు బాకీ తీర్చి ఇల్లు నిలుపుకోవచ్చు. లేదా బ్యాంకు అమ్మి, మిగిలింది వారికిస్తుంది.

అసలు చిక్కు పట్టాలో ఉంది. అది మీ నాన్నగారి పేరనే ఉందన్నారు కదా! గృహరుణాలకు సంబంధించిన ప్రభుత్వ సంస్థ నేషనల్ హౌసింగ్ బ్యాంక్ మార్గదర్శకాలు అడిగేది స్వార్జితమైన, సొంతంగా నివసించే ఇంటిని. కాబట్టి మీ శ్రీమతిగారు తన జీతంతో కొన్న చిన్న ఇంట్లోకి మారి, దానిపైనే అడగండి. ఆమెకు 62 నిండాయి, అర్హత 60. మీరూ సహ రుణగ్రహీతగా చేరండి, ఇది మరవొద్దు. ఒడియా దస్తావేజును చదివించుకోకుండా సంతకం పెట్టకండి. నెలనెలా వచ్చే సొమ్ము అప్పే కాబట్టి ఆదాయపు పన్ను ఉండదు.