జపాన్‌లో అందరితో కలిసి ఉండాలంటే మనస్సాక్షిని పక్కన పెట్టాల్సిందేనా?

జపాన్‌కి వెళ్లబోతూ మీరు అడిగింది రెండు విషయాలు: అక్కడ మనకి ఇష్టం లేనిదాన్ని కాదనే వీలుందా, కాదంటే ప్రశాంతంగా బతకనిస్తారా అని. వీలుంది, చాలావరకు బతకనిస్తారు కూడా. కాకపోతే కాదనడానికి ఒక పద్ధతుంది. ఆ పద్ధతి తెలుసుకుని, ఎవరినీ నొప్పించకుండా నడుచుకోవాల్సిన భారమంతా కాదనే మనిషి మీదే పడుతుంది. నాకు అభ్యంతరం అక్కడే.

కవాసాకిలో ఉద్యోగం చేస్తూ అద్దెకున్నప్పుడు చూసింది చెబుతాను. వీధుల్లో చోనాయికాయ్ అని ఒక సంఘం ఉంటుంది, మన కాలనీ అసోసియేషన్ లాంటిది. నోటీసులు ఒక అట్టకి తగిలించి ఇంటింటికీ తిప్పుతారు. చదివినవాళ్లు తమ పేరు ఎదురుగా చిన్న ముద్ర వేసి పక్కింటికి ఇవ్వాలి. ఒక వేసవిలో ఆ అట్ట మీద షింతో (జపాన్ సంప్రదాయ మతం) గుడి ఉత్సవానికి చందా కాగితం వచ్చింది. పై నుంచి కింది దాకా అందరూ 500 యెన్లే రాశారు. ఒక్క పేరు ఎదురుగా మాత్రం ముద్ర ఉంది, డబ్బు రాయాల్సిన గడి ఖాళీ. అది మా పక్కింటి పెద్దావిడది. ఆవిడ క్రైస్తవురాలు. ఎందుకివ్వలేదో రాయలేదు, ఎవరూ అడిగినట్టూ లేదు. ఉత్సవం మర్నాడు పొద్దున్నే వీధి శుభ్రం చేయడానికి చీపురు పట్టుకుని అందరికంటే ముందు వచ్చింది ఆవిడే.

నేను చందా ఇచ్చాను. ఇంకో దేవుడి గుడికి డబ్బిస్తే నా నమ్మకానికి వచ్చే లోటేమీ లేదు. ఆవిడకి అలా కాదు. జపాన్‌లో వ్యక్తి నమ్మకానికి గౌరవం ఉందనడానికి ఇది మంచి ఉదాహరణ అని చాలామంది అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఆవిడ చీపురు పట్టుకుని రాకపోయి ఉంటే అంతే గౌరవం దక్కేదా అన్న అనుమానం నాకు పోలేదు.

చట్టం మాత్రం ఆవిడ పక్షానే ఉంది. 1947 నుంచి అమల్లో ఉన్న రాజ్యాంగం 19వ అధికరణం ఆలోచనకి, మనస్సాక్షికి స్వేచ్ఛ ఇస్తుంది. షిగా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఒక నివాసుల సంఘం రెడ్ క్రాస్ లాంటి వాటికిచ్చే చందాలను ఏడాదికి 2,000 యెన్ల చొప్పున సభ్యత్వ రుసుములోనే కలిపేస్తే, అది చెల్లదని ఒసాకా హైకోర్టు 2007లో తీర్పిచ్చింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని అలాగే ఉంచింది. మంచి పనికైనా సరే, బలవంతంగా చందా వసూలు చేస్తే మనసుకి తోచినట్టు నడుచుకునే స్వేచ్ఛను దెబ్బతీసినట్టే అన్నమాట.

ఇంత మంచి తీర్పు వచ్చిన దేశంలోనే నన్ను బాగా బాధపెట్టే తీర్పు ఇంకొకటి ఉంది. ఆత్మరక్షణ దళంలో, అంటే జపాన్ సైన్యంలో పనిచేసే ఒకాయన 1968లో డ్యూటీలో ఉండగా రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. భార్య క్రైస్తవురాలు. ఆమె వద్దన్నా, దళం కార్యాలయం సాయంతో మాజీ సభ్యుల సంఘం ఆయన్ని యమగుచిలోని గోకోకు గుడిలో (దేశం కోసం చనిపోయినవాళ్లని కొలిచే షింతో గుడి) దైవంగా ప్రతిష్ఠ చేయించింది. ఆమె కోర్టుకెక్కి కింది రెండు కోర్టుల్లో గెలిచింది. 1988లో సుప్రీంకోర్టు 14 మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా ఆమె కేసు కొట్టేసింది. ఇతరుల మతాచారాల పట్ల ఆమే సహనం చూపాలంది. చనిపోయింది ఆమె భర్త, పూజ వేరేవాళ్లది, సహనం మాత్రం ఆమె చూపాలి! ఆ ఒక్క న్యాయమూర్తి ఇతో మసామి, తక్కువ మంది వైపున్నవాళ్ల మనసుకి రక్షణ ఇవ్వాలనే రాశారు.

బళ్లలో జాతీయగీతానికి టీచర్లు లేచి నిలబడాలని టోక్యో విద్యామండలి 2003లో ఇచ్చిన ఆదేశం గొడవ కూడా ఇలాంటిదే. ఆ ఆదేశం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో మాత్రం, నిలబడని టీచర్లకి మందలింపు దాటి జీతం కోసే శిక్ష వేసేటప్పుడు జాగ్రత్త పడాలంది.

"వాళ్ల సంస్కృతే అంత" అని తేల్చేయకండి. సామరస్యం గురించి అందరూ చెప్పే, ప్రాచీన జపాన్ పాలకుడు షోతోకు యువరాజు 604 నాటి శాసనం పదో నిబంధనలో, ఒకరికి ఒప్పు అనిపించింది ఇంకొకరికి తప్పనిపించవచ్చు, అందరం మామూలు మనుషులమే, కోపం తెచ్చుకోవద్దు అని ఉంది. సామరస్యం పేరు చెప్పి నోరు మూయించేవాళ్లు ఈ నిబంధన కూడా చదవాలి.

మీరు అక్కడికి వెళ్తున్నారు కాబట్టి ఒక మాట. ఆఫీసులో దేనికైనా మీ మనసు ఒప్పకపోతే మీటింగ్‌లో అందరి ముందూ మొదటిసారి చెప్పకండి. ముందే ఒక్కొక్కరినీ విడిగా కలిసి చెప్పండి. మా టీమ్‌లో ఒక సీనియర్, సరిగా చేయని టెస్టింగ్ రిపోర్టు మీద ముద్ర (అక్కడ సంతకం లాంటిది) వేయనని ఇలాగే మేనేజర్లకి ముందుగా చెప్పుకొచ్చాడు. మీటింగ్ నాటికి ఆ అంశం అజెండాలోనే లేదు, టెస్టింగ్ మళ్లీ చేశాం. వీధి సంఘంలోనైతే మీ వరస ఇళ్లకి బాధ్యుడిని విడిగా కలిసి, ఇది నా నమ్మకానికి సంబంధించింది, మిగతా పనులకి వస్తాను అని చెప్పండి. అప్పటికీ ఒత్తిడి చేస్తే సంఘం నుంచి బయటికి వచ్చేయొచ్చు. సభ్యులు ఎప్పుడైనా మానుకోవచ్చని 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది.