డొమైన్ అకౌంట్ల పని: ఫీజు కట్టే ముందు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అబ్బాయి బి.సి.ఎ. పూర్తి చేశాడు. కోడింగ్ మీద ఆసక్తి లేదంటూ విశాఖపట్నం వెళ్లి యాక్టివ్ డైరెక్టరీ కోర్సు చేస్తానంటున్నాడు. ఆ పనికి భవిష్యత్తు ఉందా? – ఒక తండ్రి

జవాబు: ఉందండి. అయితే పాస్‌వర్డులు మార్చి ఇవ్వడం, లాకైన అకౌంట్లు తెరవడం దగ్గరే ఆగిపోయేవారికి ఎదుగుదల తక్కువ. వందల కంప్యూటర్లున్న కర్మాగారంలోనో బ్యాంకులోనో ఎవరు ఎక్కడ లాగిన్ కావచ్చో, ఏ ఫోల్డరు తెరవవచ్చో ఒకేచోట నిర్ణయించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థే యాక్టివ్ డైరెక్టరీ. అది విండోస్ 2000 సర్వర్‌తో వచ్చి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇలా ఒకే అదుపులో ఉండే కంప్యూటర్లు, అకౌంట్ల సమూహాన్ని డొమైన్ అంటారు.

ఈ పనిలో నైపుణ్యం చిన్న నిర్ణయాల్లోనే బయటపడుతుంది. ఉద్యోగి రాజీనామా చేసిన రోజునే కొత్తవారు అతని అకౌంటును డిలీట్ చేసేస్తారు. అనుభవజ్ఞులు ముందు డిసేబుల్ చేసి, అంటే తీసేయకుండా పనిచేయకుండా ఆపి, ఉంచుతారు. ఫోల్డర్ల మీద అనుమతులు పేరుకు కాక, ఎస్‌ఐడి అనే గుర్తింపు సంఖ్యకు ముడిపడి ఉంటాయి గనుక, అదే పేరుతో మళ్లీ అకౌంటు సృష్టించినా కొత్త సంఖ్యే వస్తుంది, పాత అనుమతులు రావు. ఇంటర్వ్యూలో ఇలాంటివి అడిగితే నోట్సు బట్టీపట్టినవారు తడబడతారు.

కోడింగ్ ఇష్టం లేదన్న మాటే నన్ను కొంత ఆలోచింపజేస్తోంది. రెండు వందల మంది కొత్త ఉద్యోగుల అకౌంట్లను ఒక్కొక్కటిగా మౌస్‌తో ఎవరూ సృష్టించరు. పేర్ల పట్టిక ఉన్న సీఎస్‌వీ ఫైలు నుంచి, విండోస్‌కు ఆదేశాలు రాసి పని చేయించే పవర్‌షెల్ స్క్రిప్టుతో చేస్తారు. ఆ మాత్రం రాయడం తప్పదు.

ఫీజు కట్టే ముందు ఒక నెల ఇంట్లోనే ప్రయత్నించమనండి. విండోస్ సర్వర్‌ను 180 రోజులపాటు ఉచితంగా పరీక్షించి చూసే వీలును మైక్రోసాఫ్టే ఇస్తోంది. 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో రెండు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) పెట్టుకుని, ఒకదానిని డొమైన్ కంట్రోలర్‌గా, అంటే డొమైన్‌ను నడిపే సర్వర్‌గా మార్చి, రెండోదానిని ఆ డొమైన్‌లో చేర్చాలి. విండోస్ హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు కాబట్టి ఆ రెండోదానికి ప్రో లేదా ఎంటర్‌ప్రైజ్ వాడాలి. ఆపై గ్రూపులు, గ్రూప్ పాలసీలు (డొమైన్‌లోని కంప్యూటర్లకు, వాడుకరులకు ఒకేసారి వర్తింపజేసే నియమాలు) సాధన చేయాలి.

మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు ఇచ్చిన ఎంసీఎస్‌ఈ సర్టిఫికెట్ ఇప్పిస్తామనే సంస్థ జోలికి పోవద్దు. అది 2021లోనే ముగిసింది. క్లౌడ్‌లో ఇదే తరహా పని చేసే అజూర్ యాక్టివ్ డైరెక్టరీకి 2023లో ఎంట్రా ఐడీ అని పేరు మార్చారు. అది సిలబస్‌లో లేకపోతే ఆ కోర్సుకు డబ్బు పెట్టడం దండగ.

మొదటి ఉద్యోగం సాధారణంగా ఉద్యోగుల కంప్యూటర్ సమస్యలు విని పరిష్కరించే సర్వీస్ డెస్క్‌లో, ఫోన్ల మధ్యే ఉంటుంది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, హిందీ మాట్లాడే మీ ప్రాంతపు పిల్లలకు అక్కడ కాస్త వెసులుబాటు ఉంది. టికెట్లు, అంటే వచ్చిన సమస్యల నమోదులు, మాత్రం ఇంగ్లిషులో స్పష్టంగా రాయగలగాలి. ఆ సాధన ఇప్పుడే మొదలుపెట్టించండి.