57 ఏళ్లకు మొదటి టాటూ వేయించుకోవచ్చా?

"నాకు 57 ఏళ్లు. ముంజేతి మీద టాటూ వేయించుకోవాలని చాలా కాలంగా ఉంది. ఈ వయసు చర్మం తట్టుకుంటుందా? తర్వాత బాధపడతానా?" అని అడిగారు.

నేను 61వ ఏట వేయించుకున్నాను. రెండేళ్లు దాటింది. వేయించుకోండి అనే చెబుతాను.

అయితే నా ఒంటి మీద పడిన మొదటి పచ్చబొట్టు నేను కోరుకున్నది కాదు. 58వ ఏట కుడి రొమ్ములో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ అయ్యాక, రేడియేషన్ మొదలుపెట్టే ముందు స్కానింగ్ బల్ల మీద పడుకోబెట్టి మూడు చుక్కలు పొడిచారు. ఛాతీ మధ్యన ఒకటి, రెండు పక్కలా చెరొకటి. చర్మం మీద సిరా బొట్టు పెట్టి సూదితో ఒక్క పోటు, అంతే. రోజూ యంత్రం కింద అంగుళం తేడా లేకుండా అదే తీరులో పడుకోబెట్టడానికి ఆ చుక్కలే గుర్తు. అవి అవసరమని నాకు అర్థమైంది. కానీ "ఇవి ఇక పోవు" అన్న మాట పొడిచాక చెప్పారు. ముందే చెప్పినా కాదనేదాన్ని కాదు. చెప్పలేదన్నదే ఇప్పటికీ నా బాధ. ఒంటి మీద శాశ్వతంగా ఉండిపోయేదాని గురించి మనిషికి ముందు ఒక మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ రోజుల్లోనే ఓట్జీ గురించి చదివాను. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి. చనిపోయేనాటికి 45 ఏళ్లు ఉంటాయని అంచనా. ఒంటి మీద 61 పచ్చబొట్లు, ఎక్కువగా చిన్న చిన్న గీతలే. నడుము, మోకాలు, చీలమండ దగ్గర, అంటే అరిగిపోయిన కీళ్ల చుట్టూ చాలా ఉన్నాయి. నొప్పి తగ్గడానికి వేయించుకుని ఉంటాడని పరిశోధకులు అనుకుంటున్నారు. నా మూడు చుక్కలు చూసుకుంటే ఆయన నాకు దగ్గరివాడిలా అనిపించాడు. టాటూ కుర్రకారు సరదా అనేవాళ్లందరికీ అప్పటినుంచీ ఆయన కథే చెబుతున్నాను.

చికిత్స ముగిశాక, నా అంతట నేను ఎంచుకున్నది ఒకటి నా ఒంటి మీద ఉండాలనిపించింది. ముప్పై ఏళ్లకు పైగా కుట్టుపని చేశాను. చిన్నప్పుడు నేర్చుకున్న మొదటి కుట్టు గొలుసు కుట్టు. అదే కావాలనుకున్నాను. ఎడమ ముంజేతి మీద ఒకే వరుస, 19 రింగులు, కాగితం మీద నేనే గీసుకున్నాను.

మొదట వెళ్లిన చోట కుర్రాడు నా వైపు చూడనే లేదు. నా పక్కనున్న మా అమ్మాయిని "అమ్మగారికి ఏం కావాలట? మనవరాలి పేరా?" అని అడిగాడు. చెయ్యి నాది, నొప్పి నాది, మాట మాత్రం ఇంకొకరితో. పెద్దవాళ్లతో డాక్టర్ల దగ్గర నుంచి ఫోన్లు అమ్మేవాళ్ల వరకు అందరూ ఇలాగే చేస్తారు. కాగితం తీసుకుని వచ్చేశాను.

రెండో చోట ఉన్న అమ్మాయి ముందు నన్ను కూర్చోబెట్టి, నా ముంజేతి చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసి, వదిలి, ఎంతసేపటికి మామూలవుతోందో చూసింది. నాకు ఆ పిల్ల వెంటనే నచ్చింది. పల్చటి గుడ్డను ఫ్రేముకు బిగించే ముందు నేనూ అంతే చేస్తాను. తర్వాత నా కాగితం చూసి, "అమ్మా, 19 రింగులు వద్దు. ఇంత ఇరుగ్గా వేస్తే పదేళ్లకు కలిసిపోయి ఒక నల్ల గీత మిగులుతుంది" అంది. సిరా పై పొరలో ఉండదట, కింది పొరలో ఉంటుందట. అక్కడి కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయి కాబట్టే నిలుస్తుంది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ గీత కొంచెం కొంచెం లావవుతుంది. పైగా మన వయసు చర్మం పల్చన. సూది కాస్త లోతుకు దిగినా సిరా పక్కలకు పాకి నీలం నీడలా కనిపిస్తుంది. చివరికి 7 రింగులకు ఒప్పుకున్నాను. ఆ రోజంతా మనసు చిన్నబుచ్చుకున్నాను గానీ, అడిగినదల్లా వేసి డబ్బు పుచ్చుకునేవాళ్ల కంటే ఆ అమ్మాయి వెయ్యి రెట్లు నయం.

నొప్పి సంగతి అందరూ అడుగుతారు. సుమారు గంట పట్టింది. వేడి సూదితో గీరుతున్నట్టు ఉంది, భరించలేనంత కాదు. మానేటప్పటి దురదే ఎక్కువ విసిగించింది. జాగ్రత్తలు రాసిచ్చిన కాగితంలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మా వయసువాళ్లు అది ఎలా చదవాలి? మా అమ్మాయి చదివిపెట్టింది.

ఆరోగ్యం విషయంలో మాత్రం తొందర వద్దు. నేను క్యాన్సర్ డాక్టర్‌ని అడిగాకే వెళ్లాను. చంకలో లింఫ్ గ్రంథులు తీసేశారు కాబట్టి కుడి చెయ్యి ముట్టుకోవద్దన్నారు, అందుకే ఎడమ చెయ్యి. మీకు షుగర్ ఉంటే ముందు అదుపులోకి తెచ్చుకోండి, లేకపోతే పుండు త్వరగా మానదు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, టాటూ కోసమని మీరే మానేయకండి. ఎరుపు రంగుతో అలర్జీలు ఎక్కువ, నేను నలుపే వేయించుకున్నాను. నచ్చకపోతే లేజర్‌తో తీయించేసుకోవచ్చు అనేవాళ్ల మాట నమ్మకండి. దానికి చాలాసార్లు తిరగాలి, అయినా పూర్తిగా పోతుందన్న హామీ లేదు.

ఇక బాధపడటం గురించి. "ముసలితనంలో ముడతలు పడ్డాక ఎలా ఉంటుందో ఆలోచించుకో" అని ఇరవై ఏళ్లవాళ్లకు చెబుతారు. మనకు ఆ ముడతలు ఎలా ఉంటాయో ఇప్పటికే తెలుసు. మనకు ఏది నిలిచి నచ్చుతుందో, ఏది రెండేళ్ల మోజో కూడా తెలుసు. యాభై దాటాక ఆలోచించి వేయించుకున్నవాళ్లు బాధపడరని నా గట్టి నమ్మకం. మా అన్నయ్య మాత్రం "ఈ వయసులో ఎవరికి చూపించాలనే?" అన్నాడు. నాకే చూపించుకోవాలి అన్నాను. ఆ తర్వాత రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

మూడో రింగు దగ్గర సిరా కాస్త పాకింది, ఆ అమ్మాయి ముందే హెచ్చరించినట్టు. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. సరిచేస్తానంది, నేనే వద్దన్నాను. చేత్తో కుట్టిన గొలుసులో రింగులన్నీ ఒకేలా ఎక్కడ ఉంటాయి?

మీరు ఏం వేయించుకోవాలనుకుంటున్నారో రాయలేదు. అదేదైనా ఈ రాత్రే పెన్నుతో ముంజేతి మీద గీసుకోండి. చెరిగినప్పుడల్లా మళ్లీ గీసుకోండి. నేను రెండు నెలలు గీసుకున్నాను. మీకూ విసుగు రాకపోతే, మీతోనే మాట్లాడే మనిషిని వెతుక్కుని వెళ్లండి.