ఫాంటసీ గేముల్లో తిట్లు: ‘బలమైన భాష’ అనవచ్చునా?

సందేహం: నేను ఒక ఫాంటసీ రోల్ ప్లేయింగ్ వీడియో గేముకు తెలుగు సంభాషణలు రాస్తున్నాను. హెచ్చరికల్లో ‘స్ట్రాంగ్ లాంగ్వేజ్’ అని ఉన్నచోట ‘బలమైన భాష’ అని రాస్తే మిత్రులు ఒప్పుకోలేదు. పాత్రల తిట్లను ఉన్నవి ఉన్నట్టుగా తెలుగు చేస్తే చప్పగా ఉంటున్నాయి. మన వాడుకలోని బూతులు పెడితే ఆ లోకానికి అతకడం లేదు. రాజులూ మాంత్రికులూ ఉన్న కథ కనుక గ్రాంథికంలో తిట్టించాలా? పైగా ఆడేవారు కథానాయక పాత్రను పురుషుడిగానో స్త్రీగానో ఎంచుకుంటారు. ఒకే తిట్టు ఇద్దరికీ సరిపోయేట్టు రాయడం ఎలా?

సమాధానం: మీ మిత్రుల అభ్యంతరం సరైనదే. ‘బలమైన భాష’ అనేది తెలుగులో మెచ్చుకోలు. ఫలానా రచయితది బలమైన భాష అంటే, చెప్పదలచుకున్నది మనసులో నాటేట్టు చెప్పగలడని అర్థం చేసుకుంటాం గాని నోరు పారేసుకున్నాడని ఎవరూ అనుకోరు. పత్రికల్లో కనిపించే ‘పరుష పదజాలం’ మీకు కావలసినదానికన్నా మెత్తన, ఎందుకంటే పెద్దవాళ్ళ గద్దింపు కూడా పరుషమే. ‘అసభ్య పదజాలం’ బూతు వైపే మొగ్గుతుంది. ‘దుర్భాషలాడాడు’ అనే ప్రయోగం అందరికీ తెలిసినదే, తిట్టునూ బూతునూ రెండింటినీ కలుపుకోగలిగినదే కనుక, హెచ్చరికకు ‘దుర్భాషలు’ అనే మాటనే నేను ఎంచుకుంటాను. ఉత్తర అమెరికాలో 1994 నుంచి గేములకు వయోవర్గాలు నిర్ణయిస్తున్న ఈఎస్ఆర్‌బీ సంస్థ ‘లాంగ్వేజ్’ అన్న హెచ్చరికను స్వల్పంగానో ఓ మోస్తరుగానో దుర్భాషలు ఉన్నప్పుడు, ‘స్ట్రాంగ్ లాంగ్వేజ్’ అన్నదాన్ని అవి పచ్చిగా గాని పదేపదే గాని వినిపించినప్పుడు ఇస్తుంది. కాబట్టి మొదటిదానికి ‘దుర్భాషలు’ అనీ, రెండోదానికి ‘తీవ్రమైన దుర్భాషలు’ అనీ రాస్తే తేడా నిలుస్తుంది. ఇది పేరుకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. మూలంలో ఓ మోస్తరుగా ఉన్న తిట్టుకు మీరు పచ్చి బూతు పెడితే, ఆ గేముకు ఇచ్చిన వయోవర్గమే మీ అనువాదానికి చెల్లకుండా పోతుంది.

ఇక అసలు విషయం. తిట్టు, బూతు, శాపం, ఒట్టు అనేవి తెలుగులో నాలుగు వేర్వేరు పనులు. ‘వట్టి చవటవి’ అన్నది తిట్టే గాని బూతు కాదు; బూతు కథ చెప్పినవాడు ఎవరినీ తిట్టి ఉండకపోవచ్చు; ‘నీ నోరు పడ’ అన్నది శాపనార్థం; ‘దేవుడి తోడు’ అన్నది ఒట్టు. ఇంగ్లీషులో ఒట్టు పెట్టుకోవడానికీ తిట్టడానికీ ‘స్వేర్’ అనే ఒకే క్రియ ఉంది. అందువల్ల ఆ భాషలో రాసిన ఫాంటసీ గేముల్లో ఈ రెండూ కలగలిసి వస్తాయి. మీ ముందున్న పంక్తి ఈ నాలుగింటిలో ఏ పని చేస్తోందో తేల్చుకున్న తరవాతే తెలుగు మాట కోసం వెతకండి. మీరు చెప్పిన చప్పదనంలో సగం, ఒట్టును తిట్టుగా, ఊతపదాన్ని బూతుగా తర్జుమా చేయడంవల్ల వచ్చిందే అయి ఉంటుంది. ఉదాహరణకు, కత్తి ఒరలోంచి రాక విసుక్కునే సైనికుడు కత్తికి ముందు ఒక బూతుమాట తగిలిస్తాడు. అక్కడ ఆ మాటకు అర్థమంటూ లేదు, ఉన్నది విసుగే. తెలుగులో ఆ పని ‘దిక్కుమాలిన కత్తి’, ‘ముదనష్టపు కత్తి’ చేసినంత బాగా ఏ బూతూ చేయలేదు.

మనిషిని తిట్టేటప్పుడు తెలుగులో వేడి అంతా పిలుపులోనూ క్రియాంతంలోనూ ఉంటుందన్నది మీరు అన్నిటికన్నా గట్టిగా గుర్తుంచుకోవలసిన సంగతి. 1991లో ఉత్తర అమెరికాలో విడుదలైన ఒక గేములో దీనికి చక్కని ఉదాహరణ దొరుకుతుంది. అది జపాన్‌లో ‘ఫైనల్ ఫాంటసీ’ వరుసలో నాలుగోది, అమెరికాలో రెండోదన్న పేరుతో వచ్చింది. అందులో టెల్లా అనే ముసలి మాంత్రికుడు, తన కూతురి చావుకు కారణమని నమ్మి, ఎడ్వర్డ్ అనే రాకుమారుడైన గాయకుడి మీద విరుచుకుపడతాడు. ఇంగ్లీషులో అతని నోట ‘యూ స్పూనీ బార్డ్’ అన్న మాట పెట్టారు. వలపు పిచ్చి పట్టిన పాటగాడా అని దాని సారం. కూతురిని పోగొట్టుకున్న తండ్రి అనవలసిన మాటా అది అని ఆడినవారు విస్తుపోయారు, ఆ పంక్తి ఇప్పటికీ చెప్పుకునేదిగా మిగిలింది. జపనీస్ మూలంలో టెల్లా అన్నది ‘కిసమ’ అనే ఒక్క మాట. దానికి అర్థం ‘నువ్వు’, అంతే. ఒకప్పుడు గౌరవవాచకంగా ఉండి, కాలక్రమాన ఎదుటివాణ్ణి నేలకు తొక్కే పిలుపుగా మారిన సర్వనామం అది. ఇంగ్లీషు సర్వనామంలో అంతటి కోపం పట్టదు కనుక అనువాదకుడు ఒక విశేషణాన్ని వెతుక్కోవలసి వచ్చింది. తెలుగు అనువాదకుడికి ఆ అవస్థ లేదు: రాకుమారుణ్ణి ‘ఒరేయ్!’ అని పిలిపిస్తే చాలు.

కాబట్టి మీ గేములో ప్రతి రెండు పాత్రల మధ్య మామూలుగా నడిచే పిలుపు ఏదో ముందే ఒక పట్టికగా రాసి పెట్టుకోండి. సేనాని రాణిని ‘తమరు’ అంటాడా, ‘మీరు’ అంటాడా, తోటి సైనికుణ్ణి ఏమంటాడు, రాణి మంత్రిని ఏమంటుంది అన్నవి తేలితే, తిట్టవలసిన ఘట్టంలో ఒక్క మెట్టు దిగడమే తిట్టు అవుతుంది. మొదటి నుంచీ ‘నోరు మూసుకోండి’ అనవలసిన చోట కూడా అనక ఓర్చుకున్న సేనాని ఒక దశలో రాణిని ‘నోరు మూసుకో’ అన్నాడంటే, కొలువంతా కత్తులు దూయడానికి అంతకన్నా కారణం అక్కరలేదు. అదే సేనాని చేత మొదటి అంకం నుంచే అందరినీ ‘రా’ అనిపిస్తే, చివర ఎన్ని బూతులు పేర్చినా కోపం పెరిగినట్టు అనిపించదు. ఇంగ్లీషు మూలంలో అందరికీ ఒకటే ‘యూ’ ఉంటుంది కనుక ఈ మెట్లు మీకు మూలంలో కనిపించవు. కథ చదివి, ఎవరి హోదా ఏమిటో, ఎవరి మధ్య చనువెంతో గ్రహించి మీరే కట్టుకోవాలి.

ఆ లోకానికి అతకడం లేదన్నారు, దానికి కారణం వేరు. తిట్లూ ఒట్లూ ఒక సమాజం దేన్ని పూజిస్తుందో, దేన్ని హీనంగా చూస్తుందో బయటపెడతాయి. ‘స్కైరిమ్’ (2011) అనే గేములో పాత్రలు ‘తొమ్మిదిమంది దేవతల’ మీద ఒట్టు పెట్టుకుంటాయి. ఆ తొమ్మిదోవాడైన టాలోస్ ఆరాధనను ఎల్ఫులతో (కోసు చెవులుండే కల్పిత జాతితో) చేసుకున్న ఒడంబడిక ప్రకారం సామ్రాజ్యం నిషేధించింది. కనుక ఆ కథలో ‘తొమ్మిది’ అన్నవాడు ఒక పక్షాన, ‘ఎనిమిది’ అన్నవాడు మరో పక్షాన నిలిచినట్టే. అక్కడ ‘దేవుడి తోడు’ అని రాసి ఊరుకుంటే అర్థం పోదు గాని కథ పోతుంది. ‘తొమ్మండుగురు దేవతల తోడు’ అనే రాయాలి. ‘రామ రామ’, ‘కృష్ణా’ వంటివి ఆ నోళ్ళలో పెట్టకూడదని మీకు నేను చెప్పనక్కరలేదు గాని, ‘శనిగాడు’ వంటివి మాత్రం తెలియకుండానే దొర్లుతాయి. ఆ లోకపు ఆకాశంలో శనిగ్రహం లేదు. ‘సన్నాసి’ కూడా అంతే, సన్యాసాశ్రమం లేని చోట అతకదు. ‘చవట’ అలా కాదు. చవటనేల ఏ లోకంలోనైనా పంటకు పనికిరాదు కనుక ఆ తిట్టు ఎక్కడైనా చెల్లుతుంది.

‘స్కైరిమ్’లోనే నార్డు జాతివారు పిరికివాణ్ణి ‘మిల్క్ డ్రింకర్’ అని ఈసడిస్తారు. ‘పాలు తాగేవాడా’ అంటే మనకు నొప్పి తగలదు. అయితే ‘బొడ్డూడని కుంక’ అనే తెలుగు తిట్టులో ఉన్న ఊహ అదే. ‘పాలు మానని కుంక’ అని రాస్తే వారి పాలూ నిలుస్తాయి, మన ఈసడింపూ నిలుస్తుంది. ‘మారోవిండ్’ (2002)లో డార్క్ ఎల్ఫులు పరాయివారిని ‘న్వా’ అంటారు. అది ఆ లోకం కోసం పుట్టించిన మాట. ఇంగ్లీషు ఆటగాడికీ అది కొత్తే, గొంతులోని తిరస్కారాన్ని బట్టి నేర్చుకున్నాడు. దాన్ని తెలుగు చేయకండి, తెలుగు లిపిలో అలాగే ఉంచండి.

‘డ్రాగన్ ఏజ్’ (2009) వంటి గేముల్లో జాతిని బట్టి పుట్టిన తిట్లు ఉంటాయి. మనుషులు ఎల్ఫులను ‘నైఫ్ ఇయర్’, అంటే కత్తిచెవి, అంటారు. ఇక్కడ మిమ్మల్ని గట్టిగా హెచ్చరించక తప్పదు. హీనపరచడానికి తెలుగులో తేలిగ్గా నోటికి వచ్చే మాటల్లో చాలా భాగం కులాల పేర్ల నుంచో, భర్త పోయిన స్త్రీ స్థితి నుంచో, అంగవైకల్యం నుంచో వచ్చినవి. కల్పిత జాతి మీది ద్వేషాన్ని చూపడానికి నిజంగా బతికి ఉన్న మనుషుల పేరును తిట్టుగా వాడితే, ఆ గాయం ఆటలో ఆగదు. ‘కోసుచెవి’ అనండి, ‘కోసుచెవుల సంత’ అనండి. ఆ ద్వేషం ఆ లోకానికే పరిమితమై, అక్కడ పూర్తి బలంతో పనిచేస్తుంది.

కొత్త తిట్లు పుట్టించడానికి తెలుగులో సాధనాలకు కొదవ లేదు. సిగ్గుమాలిన, నీతిమాలిన, పనికిమాలిన అన్నవాటి వరుసలో, మాట తప్పిన వీరుణ్ణి ‘ఒట్టుమాలినవాడు’ అనవచ్చు. వినగానే అర్థమవుతుంది, ఇంతవరకు ఎవరి మీదా వాడి అరిగిపోయినది కాదు. తిండిపోతు, తాగుబోతు అన్నవాటి వరుసలో, శవాలను లేపి నడిపించే మాంత్రికుడు ‘శవాలపోతు’ అవుతాడు. శాపనార్థాలు మరీ తేలిక. ‘నీ దుంప తెగ’, ‘నీ మొహం మండ’ అన్నవాటిలో ధాతువుకు చివర ఒక్క అకారం చేరి, అలా జరగాలనే కోరికను చెబుతోంది. ఆ అచ్చులో ‘నీ మంత్రం వికటించ’, ‘నీ కత్తి తుప్పు పట్ట’ అని ఆ లోకానికి తగినవి ఎన్నయినా పోతపోసుకోవచ్చు. పైగా ‘నీ దుంప తెగ’ను గొంతు మార్చి అంటే ముద్దు కూడా అవుతుంది. గేముల్లో హీరో వెంట నడిచే సహచర పాత్రలకు ఈ రెండు ముఖాల మాటలు ఎంతో అవసరం.

తిట్టే ఆయుధమైన సందర్భం ఒకటుంది. ‘బాల్డర్స్ గేట్ 3’ (2023)లో గాయకుల తరగతికి చెందిన పాత్ర ‘విషస్ మాకరీ’ అనే మంత్రం వేస్తే, ఎదుటివాడు ఆ ఎగతాళికే మనసులో దెబ్బ తిని, తరవాతి వేటు గురి తప్పే స్థితికి వస్తాడు. వేములవాడ భీమకవి నోట శాపం వెలువడితే జరిగి తీరుతుందని చెప్పుకున్న భాష మనది, ఇలాంటి మంత్రానికి తెలుగులో కొరత ఉండకూడదు. ఇక్కడ బూతు పనికిరాదు, చమత్కారం కావాలి. ‘నీ కత్తీ నీ తెలివీ ఒకే కొలిమిలోవి, రెండింటికీ పదును లేదు’ అన్నట్టు చిన్నదిగా, ఒక విరుపుతో, నాలుక మీద నిలిచేట్టు ఉండాలి. పోరులో ఇవి మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి కనుక ఒకదానికి బదులు పది రాసి ఉంచండి.

గ్రాంథికం సంగతి. ‘ఓరీ దురాత్మా’, ‘తుచ్ఛుడా’ వంటివి పద్యనాటకాల ద్వారా, పౌరాణిక చిత్రాల ద్వారా మన చెవికి ఎంతగా అలవాటయ్యాయంటే, వాటిలో మనకు నటుడి వాచికం వినిపిస్తుంది గాని మనిషి కోపం వినిపించదు. వేల ఏళ్ళు బతికిన డ్రాగనుకు, సమాధిలోంచి లేచిన చక్రవర్తికి ఆ దూరం కావాలి. వారికి గ్రాంథికం పెట్టండి. సత్రంలో తాగి తూలే కిరాయి సైనికుడి నోట అది పెడితే పాత్ర చచ్చిపోతుంది. రాజు కూడా కొలువులో ఒక రకంగా, ఏకాంతంలో తమ్ముడి మీద మండిపడేటప్పుడు మరో రకంగా మాట్లాడాలి.

చివరిది, స్త్రీపురుష భేదం. మూలంలో ఒకే పంక్తి ఉండి, మీకూ ఒకే పంక్తికి చోటు ఇస్తే, ‘ఒరే’, ‘ఒసే’, ‘రా’, ‘వే’ అన్నవాటినీ, ‘మూర్ఖుడా’ వంటి డుమంతాలనూ (‘డు’తో ముగిసే మగవాచకాలనూ) పక్కన పెట్టక తప్పదు. అయినా చేతిలో చాలానే మిగులుతాయి. ‘ద్రోహీ’, ‘దురాత్మా’, ‘పిరికిపందా’, ‘దద్దమ్మా’ ఇద్దరికీ చెల్లుతాయి. మధ్యమపురుష క్రియలో లింగభేదం లేదు కనుక ‘చచ్చావు’ ఇద్దరికీ ఒకటే. శాపనార్థాలకైతే ఆ భేదంతో పనే లేదు. కాపలావాళ్ళు హీరోను వెంటాడుతూ తమలో తాము అరిచే చోట మాత్రం ‘పారిపోయాడు’, ‘పారిపోయింది’ అన్న చిక్కు వస్తుంది. అక్కడ ‘పట్టుకోండి, తప్పించుకోనివ్వకండి’ అని విధి రూపంలోకి మార్చండి. ప్రాణస్నేహితుడైన సహచరుడు హీరోను చనువుగా ‘ఏరా’ అనో ‘ఏమే’ అనో పిలవవలసిన పంక్తులకు మాత్రం ఈ ఉపాయం వద్దు. పిలుపు తీసేస్తే చనువు కూడా పోతుంది. ఆ పంక్తులన్నీ గుర్తుపెట్టి ఇచ్చి, వాటికి రెండేసి రూపాలు రికార్డు చేయాలని నిర్మాతలను పట్టుబట్టి అడగండి.